పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్: వయసు సరే, చిప్పు ఎవరిది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు వైపు ఇళ్లలోనూ కొట్లలోనూ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఈ పరీక్ష తప్పేవి చాలానే ఉంటాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసే అబ్బాయి కొత్తది కొనుక్కుని ఇంటికి పంపిన డెల్, ఇంజనీరింగులో చేరినప్పుడు అమ్మాయికి కొనిచ్చిన హెచ్‌పీ, ఏదో కంపెనీ వదిలించుకుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ కొట్ల మీదుగా జిల్లాలకు దిగిన థింక్‌ప్యాడ్. ఇవన్నీ నడుస్తూనే ఉన్నాయి, పారెయ్యడానికి మనసొప్పదు. ‘లినక్స్ వేసుకో బాబాయ్, దానికి అదే దిక్కు’ అని ఇంట్లో కుర్రాడెవరో సలహా ఇస్తాడు. వేసుకుంటారు. ఒకరికి అరగంటలో అంతా అమరిపోతుంది. పక్కింటాయనకి మాత్రం కంపెనీ బొమ్మ వచ్చి పోయాక నల్ల తెర మిగులుతుంది. లేదా తెర వస్తుంది గాని అక్షరాలు ఊరంత లావుగా కనిపిస్తాయి, వెలుతురు తగ్గించే మీట పనిచెయ్యదు, మూత మూసి తెరిస్తే మళ్లీ లేవదు.

ఇద్దరి ల్యాప్‌టాప్‌లూ ఒకే ఏడాదివి కావచ్చు, ఒకే కంపెనీవి కావచ్చు. తేడా ఎక్కడుందంటే గ్రాఫిక్స్ చిప్పులో. ఆ చిప్పు చేసినవాడు దాని కిటుకులు బయటికి చెప్పాడా, తనలోనే దాచుకున్నాడా అన్నదే పదిహేనేళ్ల తరవాత మన తెర వెలగడాన్నీ వెలగకపోవడాన్నీ తేలుస్తోంది. పాత ల్యాప్‌టాప్ మీద లినక్స్ ప్రయత్నించినవాళ్లు ‘వయసైపోయింది, ఇంకేం ఎక్కుతుంది’ అని తేల్చేస్తుంటారు. నా లెక్కలో వయసుది రెండో స్థానం.

రిపేరు కొట్లో ఇప్పటికీ మొదట వినపడే ప్రశ్న: ‘డ్రైవర్ సీడీ ఉందా అన్నా?’ విండోస్ అలవాటు అది. ముందు విండోస్ వెయ్యాలి, తరవాత ఒక్కొక్క డ్రైవరూ తెచ్చి ఎక్కించాలి. లినక్స్ పద్ధతి వేరు. ఇక్కడ తెర మీద బొమ్మ పడడానికి మూడు అంచెలు కలిసి పనిచెయ్యాలి. లినక్స్‌కి గుండెకాయ అయిన కెర్నల్‌లోనే ఉండే డ్రైవర్ చిప్పును నిద్రలేపి, తెర వెడల్పూ ఎత్తూ కనుక్కుని సిద్ధం చేస్తుంది. మెసా అనే లైబ్రరీ ప్రోగ్రాములు అడిగిన గీతల్నీ రంగుల్నీ చిప్పుకి అర్థమయ్యే ఆదేశాలుగా మారుస్తుంది. ఆ పైన ఎక్స్ సర్వరో వేలాండో కిటికీలు పేరుస్తుంది. చాలా చిప్పులకు ఈ మూడూ లినక్స్‌తోపాటే వచ్చేస్తాయి, విడిగా తెచ్చి ఎక్కించాల్సింది ఏమీ ఉండదు. ఇది తెలియక ఇంటర్నెట్లో పదేళ్ల కిందటి సలహాలు వెతికి, ఏదో వెబ్‌సైట్ నుంచి డ్రైవర్ దింపి, చక్కగా నడిచేదాన్ని చెడగొట్టుకునేవాళ్లు ఎక్కువ. చిప్పు మొండికేసి చెడిపోయిన ల్యాప్‌టాప్‌లకంటే ఇలా చెడిపోయినవే ఎక్కువని నా అనుమానం.

కాబట్టి ఏదైనా చెయ్యబోయే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అన్న ఆదేశం పక్కన ఖాళీ వదిలి మైనస్ కే అని కొడితే పెద్ద జాబితా వస్తుంది. అందులో వీజీఏ అనో త్రీడీ కంట్రోలర్ అనో ఉన్న చోట చిప్పు పేరుంటుంది, దాని కిందే ఇప్పుడు వాడుతున్న కెర్నల్ డ్రైవర్ పేరుంటుంది. ఐ915 అని ఉంటే ఇంటెల్. రేడియాన్ అనో ఏఎండీజీపీయూ అనో ఉంటే ఏఎండీ. నూవో అనో ఎన్‌విడియా అనో ఉంటే ఎన్‌విడియా. డ్రైవర్ వరసే లేకపోతే అక్కడే రోగం దొరికినట్టు. రెండోది ఇంకా తేలిక. సెట్టింగ్స్‌లో కంప్యూటర్ వివరాలు చెప్పే పేజీ తెరిచి గ్రాఫిక్స్ ఎదురుగా ఏముందో చదవండి. ఎల్‌ఎల్‌వీఎంపైప్ అన్న మాట కనిపిస్తే బొమ్మలన్నీ ప్రాసెసరే మోస్తోందని, చిప్పు ఖాళీగా కూర్చుందని అర్థం.

ఇంటెల్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే దాని గురించి చెప్పాల్సింది తక్కువ. ఇంటెల్ తన గ్రాఫిక్స్ డ్రైవర్లను బహిరంగంగా, కెర్నల్‌లోనే రాస్తూ వచ్చింది. 2007 నాటి కోర్ 2 డుయో ల్యాప్‌టాప్‌లోని ఎక్స్3100 దగ్గర్నుంచి 2013 నాటి హాస్‌వెల్ దాకా, అంటే మన దగ్గర పాతవి అనుకునే వాటిలో సింహభాగం, ఈరోజు విడుదలైన లినక్స్‌లో కూడా తెర వెలిగిస్తాయి. 2022లో మెసా బృందం తమ పాత తరహా డ్రైవర్లన్నిటినీ ఒక్క దెబ్బతో తీసేసింది. అప్పుడు ఈ పాత ఇంటెల్ చిప్పులు అనాథలవ్వాల్సింది. కాలేదు. అంతకు ముందే క్రోకస్ అన్న పేరుతో వాటికి కొత్త డ్రైవర్ రాసి పెట్టారు. డ్రైవర్ లోపలి సంగతులు అందరికీ తెలిసి ఉండబట్టే పదిహేనేళ్ల పాత చిప్పుకి కొత్త డ్రైవర్ రాయడం సాధ్యమైంది. వాడుకునేవాళ్లకు నేను చెప్పే సలహా ఒకటే: ఇంటెల్ ఒక్కటే ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏమీ ఎక్కించకండి. పాత పుస్తకాల్లో కనిపించే ఇంటెల్ ఇన్‌స్టాలర్ ఎప్పుడో ఆగిపోయింది. ఎక్స్ సర్వర్‌కి ఇంటెల్ పేరుతో ఉన్న విడి డ్రైవర్ కూడా వద్దు. 2016 నుంచే డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలు ఈ చిప్పులకు దాన్ని పక్కనపెట్టి మోడ్‌సెట్టింగ్ అన్న సాధారణ డ్రైవర్‌నే వాడుతున్నాయి. కిటికీలు జరిపేటప్పుడు తెర చినిగినట్టు కనిపిస్తోందంటే చాలాసార్లు ఎవరో ఆ పాతదాన్ని మళ్లీ ఎక్కించి ఉంటారు.

అయితే ఇంటెల్ పేరుతోనే అమ్ముడుపోయిన ఒక మోసకారి సరుకుంది. 2010 ప్రాంతంలో పది అంగుళాల నెట్‌బుక్‌లు చవగ్గా దొరికేవి, కాలేజీ పిల్లలు చంకలో పెట్టుకుని తిరిగేవారు. వాటిలో 2010 నాటి ఆటమ్ ఎన్455 ఉన్నదాంట్లో ఇంటెల్ సొంత చిప్పు జీఎంఏ 3150 ఉంటుంది. నెమ్మదే గాని, ఐ915 డ్రైవర్‌తో ఇప్పటికీ బుద్ధిగా నడుస్తుంది. 2011 చివర్లో దాని తరవాతి తరంగా ఎన్2600 వచ్చింది. కాగితం మీద మెరుగే. అందులోని జీఎంఏ 3600 మాత్రం ఇంటెల్ చేసింది కాదు, బ్రిటన్‌లోని ఇమాజినేషన్ టెక్నాలజీస్ దగ్గర లైసెన్సు తీసుకున్న పవర్‌వీఆర్. దాని లోగుట్టు బయటపెట్టే హక్కు ఇంటెల్‌కి కూడా లేదు. లినక్స్‌లో దానికున్న డ్రైవర్ తెర వెలిగించడం వరకే చేస్తుంది, త్రీడీ లేదు, వీడియోకి ఊతం లేదు. ఇమాజినేషన్ ఈ మధ్య తన కొత్త తరం చిప్పులకు బహిరంగ డ్రైవర్ ఇచ్చింది గాని, ఈ పాత వాటిని పట్టించుకోలేదు. అంటే ఏడాదిన్నర ముందు కొన్న నెట్‌బుక్ నేటికీ పనికొస్తుంది, తరవాత కొన్నది అక్షరాలు టైపు చేసుకోవడానికే మిగిలింది. వయసుతో లెక్కగట్టేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. 2007-09 మధ్య చవక ల్యాప్‌టాప్‌లలో వచ్చిన సిస్ మిరేజ్ 3 చిప్పుదీ ఇదే బాపతు. అది తగిలితే ఎక్కువ కాలం వృథా చేసుకోవద్దు.

ఏఎండీ దారి మలుపు తిరిగిన దారి. ఏటీఐ కంపెనీని 2006లో కొన్నాక, 2007 సెప్టెంబరులో చిప్పుల సాంకేతిక పత్రాలు బయటపెడతామని ఏఎండీ ప్రకటించింది, పెట్టింది కూడా. పక్కనే క్యాటలిస్ట్ అనే తన మూసిన డ్రైవర్‌నీ నడిపింది. 2012లో హెచ్‌డీ 2000 నుంచి 4000 దాకా ఉన్న కార్డుల్ని ఆ క్యాటలిస్ట్ వదిలేసింది, 2016లో ఉబుంటు 16.04 క్యాటలిస్ట్‌నే వదిలేసింది. కంపెనీ డ్రైవర్ పోయినా కార్డులు పోలేదు. బహిరంగ పత్రాల ఆధారంగా ఎదిగిన రేడియాన్ డ్రైవర్ వాటన్నిటినీ అందుకుంది. మన వైపు బాగా అమ్ముడైన హెచ్‌పీ పెవిలియన్ జీ6 లాంటి వాటిలో ఇంటెల్‌తోపాటు రేడియాన్ చిప్పు కూడా ఉండేది. అవి కూడా పెద్దగా గొడవ చెయ్యవు.

ఏఎండీతో వచ్చే తంటా ఒకటుంది, అది డ్రైవర్‌ది కాదు, ఫర్మ్‌వేర్‌ది. చిప్పులోకి బూట్ సమయంలో ఎక్కించాల్సిన చిన్న ఫైలు ఒకటుంటుంది. అది లేకపోతే తెర నల్లబడుతుంది, లేదా నాసిగా వస్తుంది. డెబియన్ తన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమం కొద్దీ ఆ ఫైళ్లను చాలా ఏళ్లు ఇన్‌స్టాలర్లో పెట్టలేదు. 2022లో సభ్యులు ఓటేసి నియమం సడలించారు, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి ఇన్‌స్టాలర్లోనే ఉన్నాయి. కొట్లో ఎవరి దగ్గరో పాత డెబియన్ పెన్‌డ్రైవ్ ఉంటే దాంతో ఎక్కించుకోవద్దనడానికి ఈ కారణం ఒక్కటి చాలు.

ఇక ఎన్‌విడియా. తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే, కాబట్టి కాస్త నిలబడి చూడాలి.

ఎన్‌విడియా లినక్స్‌కి డ్రైవర్ ఇవ్వలేదని కాదు. ఇచ్చింది, మంచిదే ఇచ్చింది. కాకపోతే అది మూసిన డ్రైవర్. ఏ కార్డును ఎప్పుడు వదిలెయ్యాలో కంపెనీయే తేలుస్తుంది. జీఫోర్స్ 6, 7 వరసలకు 304 అనే శాఖ, 2017 చివర్లో ముగిసింది. 8, 9 నుంచి 300 దాకా ఉన్న వాటికి 340 శాఖ, 2019 చివర్లో ముగిసింది. ఫెర్మీ తరానికి 390, 2022 చివర్లో ముగిసింది. కెప్లర్ తరానికి 470, 2024లో ముగిసింది. మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు 580 శాఖే చివరిదని 2025లో చెప్పేసింది. అంటే జీటీఎక్స్ 1050 పెట్టుకున్న గేమింగ్ ల్యాప్‌టాప్ కూడా ఈ వరసలోకి వచ్చినట్టే. 2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు మధ్యవేలు చూపించి ఎన్‌విడియాను తిట్టిన దృశ్యం చాలామంది చూసే ఉంటారు. మర్యాద సంగతి అటుంచితే, కోపానికి కారణం ఉంది. 2022 మేలో ఎన్‌విడియా కెర్నల్ భాగాన్ని బహిరంగం చేసింది గాని, అది ట్యూరింగ్ తరం నుంచే. మన పాత ల్యాప్‌టాప్‌లకు అందులో వాటా లేదు.

శాఖ ముగిసిందంటే డ్రైవర్ మాయమైపోతుందని కాదు. కెర్నల్ ముందుకు పోతూ ఉంటుంది, డ్రైవర్ అక్కడే ఆగిపోతుంది. కెర్నల్ లోపలి అమరిక మారిన ప్రతిసారీ ఆ డ్రైవర్‌ని దానికి సరిపోయేలా దిద్దాలి, దిద్దేవాడు లేడు. పత్తి రైతుకి ఈ లెక్క చెప్పక్కర్లేదు: కంపెనీ హైబ్రిడ్ గింజ ఎంత బాగా కాసినా, మరుసటేడు మళ్లీ కంపెనీ ముఖమే చూడాలి. ఇంటెల్, ఏఎండీ చిప్పుల గింజ మన గాదెలో ఉంది, ఎన్‌విడియాది లేదు.

పేర్ల తికమక దీనికి తోడు. 2014లో కొన్న ల్యాప్‌టాప్ మీద జీఫోర్స్ 820ఎం అని స్టిక్కర్ ఉంటుంది. అంకె చూస్తే 600, 700 వరసల తరవాతి సరుకనిపిస్తుంది. లోపల ఉన్నది 2010 నాటి ఫెర్మీ తరం చిప్పే. 710ఎం కూడా అంతే. కాబట్టి 2014 ల్యాప్‌టాప్‌కి 470 కాదు, 390 కావాలి. అంకెను బట్టి ఊహించి డ్రైవర్ ఎక్కిస్తే నల్ల తెరే. ఎల్‌ఎస్‌పీసీఐ చూపించే పేరులో జీఎఫ్ అని మొదలైతే ఫెర్మీ, జీకే అయితే కెప్లర్, జీఎం అయితే మాక్స్‌వెల్. స్టిక్కర్ని నమ్మొద్దు, ఈ రెండు అక్షరాల్ని నమ్మండి.

సరిగ్గా పట్టుకుని 390 ఎక్కించారనుకుందాం. బాగానే నడుస్తుంది, నెలో రెండు నెలలో. ఒకరోజు అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వస్తుంది. డీకేఎంఎస్ అనే పనిముట్టు ఆ కెర్నల్‌కి డ్రైవర్‌ని మళ్లీ కంపైల్ చెయ్యాలి. చెయ్యలేకపోతుంది, ఒక ఎర్రర్ రాసి ఊరుకుంటుంది. ఎవరూ చదవరు. మర్నాడు పొద్దున నల్ల తెర. మన ఊళ్లలో దీనికి ఇంకో రూపం కూడా ఉంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, ఛార్జర్ తగిలించే నడుపుతారు. అప్‌డేట్ సగంలో కరెంటు పోతుంది. కంపైల్ సగంలో ఆగిన డ్రైవర్ పొద్దున్నే లేవదు. అప్పుడు బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, కింద ఉన్న పాత కెర్నల్ ఎంచుకుని బూట్ చేస్తే సాధారణంగా బతుకుతుంది. లోపలికి వెళ్లాక ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ అనే పనిముట్టుకి మిగిలిన కాన్ఫిగర్ అంతా పూర్తిచెయ్యమని చెప్పాలి. ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇంకొక మెలిక. డ్రైవర్ ఎక్కించాక రీస్టార్ట్ చేస్తే నీలి తెర మీద కీ నమోదు చేసుకోమని కాసేపు అడుగుతుంది. అదేంటో తెలియక ‘కంటిన్యూ’ నొక్కేస్తారు. డ్రైవర్ ఉన్నా కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. అక్కడ ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని, ఎక్కించేటప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇవ్వాలి.

ఫెర్మీ కార్డు మీద కంపెనీ డ్రైవరే కావాలని పట్టుబట్టేవాళ్లకు ఉబుంటు 22.04ని దాని మొదటి 5.15 కెర్నల్‌తోనే ఉంచుకోమంటాను. 2027 ఏప్రిల్ దాకా దానికి మామూలు మద్దతుంది. ఆ తరవాత మార్గం నూవో. ఎన్‌విడియా ఏమీ చెప్పకపోయినా స్వచ్ఛంద కార్యకర్తలు చిప్పును తడిమి తడిమి, అది ఏ ఆదేశానికి ఎలా స్పందిస్తుందో గమనించి రాసిన డ్రైవర్ అది. 2010లో 2.6.33 కెర్నల్లో చేరింది. తెర వెలగడానికీ, మామూలు పనికీ సరిపోతుంది. దాని బలహీనత ఒకటే: కార్డు బూట్ అయినప్పుడు ఉన్న నెమ్మది వేగంలోనే ఉండిపోతుంది. కెప్లర్ కార్డుల వేగాన్ని చేత్తో పెంచుకోవచ్చు. ఫెర్మీకి ఆ వీలు లేనట్టే. రెండో తరం మాక్స్‌వెల్ నుంచైతే ఎన్‌విడియా సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేనిదే వేగం మార్చనివ్వదు, తాళం వేసి తాళంచెవి తనే పెట్టుకుంది.

అసలు ల్యాప్‌టాప్‌లలో ఎన్‌విడియా ఒంటరిగా ఉండడం 2010 తరవాత తగ్గింది. ఆప్టిమస్ పేరుతో ఇంటెల్ పక్కన దాన్ని పెట్టారు. తెరకు తీగ ఇంటెల్ నుంచే వెళ్తుంది, బరువు పని పడితేనే ఎన్‌విడియా లేస్తుంది. లినక్స్‌లో దీనికోసం బంబుల్బీ వచ్చింది, ప్రైమ్ వచ్చింది. రెండింటితోనూ కుస్తీ పట్టినవాళ్లు ఉన్నారు. ఆటలు ఆడని మనిషికి ఆ కుస్తీ దండగ. నా తీర్పు: కంపెనీ డ్రైవర్ ఎక్కించకుండా వదిలెయ్యండి, ఇంటెల్ మీద నడుపుకోండి. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో, లాటిట్యూడ్‌లలో బయోస్‌లోనే ఎన్‌విడియాని ఆపెయ్యవచ్చు, వేడి కూడా తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: వీటిలో కొన్నిటికి బయటి తెరల సాకెట్ ఎన్‌విడియాకి కలిపి ఉంటుంది. క్లాసులో ప్రొజెక్టర్‌కి తగిలించే మాస్టారు ఆపేముందు ఒకసారి తగిలించి చూసుకోవాలి.

నల్ల తెర వచ్చినప్పుడు అందరూ చెప్పే చిట్కా నోమోడ్‌సెట్. గ్రబ్ మెనూ దగ్గర ‘ఈ’ మీట నొక్కి, లినక్స్ అన్న మాటతో మొదలయ్యే వరస చివర ఆ మాట చేర్చి, కంట్రోల్ ఎక్స్ నొక్కితే తెర వస్తుంది. మంచిదే, లోపలికి వెళ్లడానికి. కానీ అది చేసే పనల్లా అసలు గ్రాఫిక్స్ డ్రైవర్‌ని కదలొద్దని చెప్పడం. 2009 నుంచి తెర అమరికను కెర్నలే చూసుకుంటోంది, దాన్నే ఇది ఆపుతుంది. చాలామంది ఆ మాటను శాశ్వతంగా ఉంచేసి ‘లినక్స్ ఎక్కింది గాని నత్తనడక’ అంటారు. వెలుతురు మీటలు పనిచెయ్యకపోవడం, మూత మూస్తే నిద్ర లేవకపోవడం, ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని కనిపించడం చాలా వరకు దాని పుణ్యమే. రిపేరు చేసినవాళ్లు తెర వచ్చిందని డబ్బులు పుచ్చుకుని పంపేస్తారు. ఇంటికి వచ్చాక బూట్ వరసలో ఆ మాట మిగిలిందేమో చూసుకోండి. ఉంటే తీసేసి, అసలు డ్రైవర్ ఎందుకు రాలేదో కనుక్కోవాలి.

మన ఇళ్లలో గ్రాఫిక్స్ అంటే నూటికి తొంభై పాళ్లు యూట్యూబే. ఇక్కడ డ్రైవర్ నిర్దోషిగా ఉండి కూడా తిట్లు తింటుంది. యూట్యూబ్ ఇప్పుడు వీడియోలను ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే కుదింపు పద్ధతుల్లో పంపుతుంది. 2011 నాటి శాండీ బ్రిడ్జ్ చిప్పు హెచ్.264ని తనే విప్పగలదు, వీపీ9 దానికి తెలియదు. ఇంటెల్‌లో వీపీ9ని పూర్తిగా చిప్పే విప్పడం ఏడో తరంతో మొదలైంది, ఏవీ1 పదకొండో తరంతో. కాబట్టి ప్రాసెసర్ మోస్తుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. బ్రౌజర్‌కి హెచ్264ఇఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే యూట్యూబ్ హెచ్.264లోనే ఇస్తుంది. ఫైర్‌ఫాక్స్ 2023 నుంచి లినక్స్‌లో ఇంటెల్ చిప్పులతో వీడియో విప్పించడాన్ని తనంతట తనే చేస్తోంది. పాత ఇంటెల్‌కి ఐ965 వీఏ డ్రైవర్ అన్న ప్యాకేజీ ఉందో లేదో చూసుకుంటే చాలు. నేను ‘ఏమీ ఎక్కించకండి’ అన్నదానికి ఇదొక్కటే మినహాయింపు.

ఇంకో దోషి వాతావరణం. పల్నాడులో రెంటచింతల ఎండ రాష్ట్రానికంతా తెలుసు. మేలో ఆ వేడిలో, రేకుల షెడ్డులో, జిన్నింగ్ మిల్లు పక్క గదిలో నడిచే ల్యాప్‌టాప్ అడుగుభాగం విప్పి చూడండి. ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దూది పింజ పొరలు పొరలుగా పేరుకుని, దుప్పటి ముక్కలా ఊడొస్తుంది. మిర్చి కల్లాల దగ్గరైతే ఎర్ర దుమ్ము, విప్పినవాడికి తుమ్ములు. ఆ పొర ఉన్నంతకాలం గాలి బయటికి పోదు. చిప్పు వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, ఇంకా ఎక్కితే మిషన్ ఆగిపోతుంది. ‘లినక్స్ వేశాక ఆగిపోతోంది’ అని వచ్చిన ల్యాప్‌టాప్‌లో ముందు కెర్నల్ సందేశాలు చూడాలి. ఉష్ణోగ్రత హద్దు దాటిందని అక్కడ రాసి ఉంటే కావలసింది బ్రష్షూ థర్మల్ పేస్టూ, డ్రైవర్ కాదు.

వేడికి శాశ్వతంగా బలైన చిప్పులు కూడా ఉన్నాయి. 2008 జూలైలో ఎన్‌విడియా కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల ప్యాకేజింగ్ సామగ్రి బలహీనంగా ఉందని ఒప్పుకుని, వారంటీ ఖర్చులకు దాదాపు 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. జీఫోర్స్ 8400ఎం, 8600ఎం వాడిన మోడళ్లు ఆ లోపానికి ప్రసిద్ధికెక్కాయి. వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే లోపలి అతుకులు పగులుతాయి. తెర మీద గీతలూ రంగు గళ్లూ కంపెనీ బొమ్మ దగ్గరే కనిపిస్తున్నాయంటే అప్పటికి లినక్స్ ఇంకా మొదలే కాలేదు. ఏ డ్రైవరూ దాన్ని బాగుచెయ్యదు. హీట్ గన్‌తో వేడి చేసి లేపితే కొన్ని వారాలు నడుస్తుంది. దానికి డబ్బు పెట్టడం నేను సమర్థించను.

ఏ లినక్స్ వెయ్యాలన్నదాన్ని కూడా చిప్పే తేలుస్తుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ ఎక్స్‌ను వదిలి వేలాండ్‌కే పరిమితమవుతోంది, 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో ఇక ఎక్స్ సెషన్ లేదు. ఎన్‌విడియా 340, 390 డ్రైవర్లు వేలాండ్‌తో కుదరవు. వాటికి ఎక్స్ మీద నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే లాంటి డెస్క్‌టాప్‌లే గతి. లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం పాత ల్యాప్‌టాప్‌లకు నేను ముందుగా చెప్పేది, 2029 దాకా మద్దతుంది. 32 బిట్ మిషన్ల దారి మూసుకుపోతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ లేదు. డెబియన్ 12తో 2028 దాకా లాగవచ్చు, అంతే.

తెలుగువాళ్ల సొంత ప్రయత్నాలూ ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా 2005 నుంచి నడుస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖంతో గ్నూ/లినక్స్ తయారుచేసి, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలను పెంచింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తెచ్చిన బాస్ లినక్స్ డెబియన్ ఆధారంగా తయారై, తెలుగుతో సహా భారతీయ భాషల్లో వస్తోంది. రెండూ భాష విషయంలో మెచ్చుకోదగ్గవే. కానీ గ్రాఫిక్స్ విషయంలో వీటికి విడి మందు లేదు. కెర్నలూ మెసా పైనుంచి వచ్చినవే కాబట్టి, లోపల ఎంత కొత్త కెర్నల్ ఉందన్నదే లెక్క. తెలుగు వత్తులు విడిపోయి కనిపిస్తే మాత్రం డ్రైవర్‌ని అనుమానించకండి, అది ఫాంట్ల వ్యవహారం.

ఫాంట్ల మాట వచ్చింది కాబట్టి ఒక నిజం చెప్పేయాలి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లూ పేజ్‌మేకరూ, మిర్చి యార్డు కమీషన్ కొట్లో టాలీ నడిచే ల్యాప్‌టాప్‌లకు నేను లినక్స్ సిఫారసు చెయ్యను. ఆ సాఫ్ట్‌వేర్లు విండోస్‌వి. డ్రైవర్ ఎంత చక్కగా కుదిరినా అక్కడ పని జరగదు. ఇంటర్నెట్, పాఠాలు, ఉత్తరాలు, లిబ్రేఆఫీస్, ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు, వీళ్లకు మాత్రం ఇంతకన్నా చవకైన దారి లేదు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లకు ఒక మాట. ఇంటెల్ ఒక్కటే ఉన్నది అడగండి. ఎన్‌విడియా స్టిక్కర్ ఉందని ఎక్కువ ధర చెబితే ఇవ్వకండి, లినక్స్‌కి అది అదనపు విలువ కాదు. లినక్స్ మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లి, ఎక్కించకుండానే లైవ్‌గా బూట్ చెయ్యండి. వెలుతురు మీటలు నొక్కండి, మూత మూసి తెరవండి, ఒక వీడియో ఆడించండి, గ్రాఫిక్స్ ఎదురుగా చిప్పు పేరుందా ఎల్‌ఎల్‌వీఎంపైప్ ఉందా చూడండి. పది నిమిషాల పని. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వనన్న కొట్లో కొనకండి.